బూటుకు తగిన అల్లిక

పాదరక్షలకు మన వాఙ్మయంలో లభించిన గౌరవం సామాన్యమైనది కాదు. అన్నగారి పాదుకలను సింహాసనం మీద నిలిపి, తాను నందిగ్రామంలో ఉండి, భరతుడు పదునాలుగు సంవత్సరాలు రాజ్యభారం వహించాడు. కాని ఆ పాదుకలకు గాని, మన తాతముత్తాతలు తొడిగిన పావుకోళ్లకు గాని, నడుస్తుంటే శబ్దం చేసే కిఱ్ఱుచెప్పులకు గాని బిగించి కట్టుకొనే తాడు అంటూ ఏదీ లేదు. పావుకోడుకు బొటనవేలి సందున ఒక పిడి, చెప్పుకు బొటనవేలు దూర్చే తోలు చుట్టు ఉండేవి. పాదం వాటితోనే పాదరక్షను పట్టుకొని నడిచేది. దీనికి కారణం వెదకడం కష్టం కాదు. మనది వేడి దేశం. పాదానికి గాలి తగలాలి. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. మనం పాదరక్షలను రోజుకు పదిసార్లు విడుస్తాం. ఇంటి గడప దగ్గర, గుడి మెట్ల దగ్గర, ధాన్యపు కళ్లం అంచున విడిచి, మళ్లీ తొడుగుతాం. ఇటువంటి అలవాటు ఉన్న చోట, ముడి వేసి విప్పుకోవలసిన పాదరక్ష సహజంగా పుట్టదు.

తోలుబూటు, దానితోపాటు లేసు, మనకు ఆంగ్లేయుల పాలనలో కొలువులతో, కచేరీలతో వచ్చాయి. వచ్చి చాలాకాలమైనా, చొక్కా ఇస్త్రీ చేయడంలో, తల దువ్వడంలో మనం చూపే శ్రద్ధలో నాలుగోవంతైనా లేసు కట్టడంలో చూపము. దుకాణంలో కొన్ననాడు లేసు ఏ విధంగా ఎక్కించి ఉన్నదో, తెగిపోయేదాకా అదే విధంగా ఉంటుంది. తెగిన తరువాత కొత్త లేసును తోచినట్లు ఎక్కిస్తాం. బడిలో చదివేటప్పుడు అంటింపు పట్టీ బూట్లతో సరిపెట్టుకొన్న విద్యార్థులు, మరి నాలుగైదేళ్లలో ఉద్యోగపు ఇంటర్వ్యూలకు నల్లని తోలుబూట్లు తొడిగి వెళ్లవలసి వస్తుంది. ఆనాడు అన్నగారి బూట్లో, స్నేహితుని బూట్లో అడిగి తెచ్చుకొనేవారు ఈ తరగతిలో కూడా కొందరు ఉండవచ్చు. వారిని దృష్టిలో ఉంచుకొని ఈ పాఠం రాస్తున్నాను. ఒకప్పుడు నేనూ వారిలో ఒకణ్ణే. ఆ సంగతి చివర చెబుతాను.

లేసు మనకు కొత్తదే కాని, ప్రపంచానికి కొత్తది కాదు. ఆర్మేనియా దేశంలో అరేనీ అనే గ్రామం దగ్గరి గుహలో 2008లో ఒక తోలుబూటు దొరికింది. పరిశోధకులు 2010లో ప్రకటించిన వివరాల ప్రకారం దాని వయస్సు సుమారు 5,500 సంవత్సరాలు. ఒకే ఆవుతోలు ముక్కను పాదం ఆకారంలో మడిచి, అంచులకు రంధ్రాలు చేసి, వాటిగుండా తోలుతాడును పోనిచ్చి బిగించారు. దొరికింది కుడికాలి బూటు మాత్రమే. దాని లోపల ఎండుగడ్డి కుక్కి ఉంది. అది పాదానికి వెచ్చదనం కోసమో, బూటు ఆకారం చెడకుండా ఉండడం కోసమో తేల్చడం కష్టం. గుహలో తేమ లేకపోవడం వల్ల, పైన గొర్రెల పెంట పొర పేరుకొని ఉండడం వల్ల తాడుతో సహా ఆ బూటు చెక్కుచెదరక నిలిచింది. చలికి ఓర్చలేని మనిషి పాదాన్ని తోలుతో చుట్టాడు. చుట్టినది జారకుండా తాడుతో బిగించాడు. నేటి లేసు చేసే పని కూడా అంతకుమించినది కాదు.

ఐరోపాలో ఇంత ప్రాచీనమైన తాడుకు మధ్యలో ఒక ప్రత్యర్థి ఎదురైంది. అది బకిల్, అనగా నడుముపట్టీకి ఉండేటటువంటి లోహపు కొక్కెం. లండన్ నగరంలో దినచర్య రాసి ప్రసిద్ధికెక్కిన శామ్యూల్ పెపిస్ 1660 జనవరిలో తాను బూట్లకు బకిళ్లు పెట్టుకోవడం మొదలుపెట్టినట్లు నమోదు చేసుకొన్నాడు. తరువాత నూరేళ్లకు పైగా ఆ దేశాల్లో గౌరవనీయుడైన ప్రతి పురుషుని పాదం మీదా బకిల్ మెరిసింది. ధనికులకు వెండి బకిళ్లు, రాళ్లు పొదిగిన బకిళ్లు; సామాన్యులకు ఇత్తడివి, ఉక్కువి. వాటిని తయారుచేసే పని మీద ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్, వాల్సాల్, వుల్వర్‌హాంప్టన్ పట్టణాల్లో వేలాది కుటుంబాలు బ్రతికాయి.

పద్దెనిమిదవ శతాబ్దం ముగిసేనాటికి అభిరుచి మారింది. బకిల్ స్థానంలో మళ్లీ తాడు వచ్చింది. 1791లో ఆ మూడు పట్టణాల పనివారు వేల్స్ యువరాజుకు ఒక విన్నపం సమర్పించుకొన్నారు. లేసుబూట్లు, స్లిప్పర్లు ప్రబలడం వల్ల 20,000 మందికి పైగా జనం పనిలేక కష్టాలపాలయ్యారని అందులో మొరపెట్టుకొన్నారు. యువరాజు జాలిపడి, తన పరివారమంతా బకిల్ బూట్లే ధరించాలని ఆజ్ఞాపించాడు. రాజాజ్ఞ పరివారం వరకు సాగింది, వీధిలో సాగలేదు. కొద్దికాలానికే ఆ పరిశ్రమ అంతరించింది. మన నేతపనివారి చరిత్ర ఎరిగినవారికి ఈ కథలోని బాధ వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఇక్కడ పనివారి పొట్ట కొట్టింది యంత్రం కాదు, ఒక తాడు ముక్క.

ఇదే కాలంలో ఫ్రాన్సు దేశంలో లేసుకు రాజకీయార్థం కూడా ఏర్పడింది. విప్లవం నడుస్తున్న రోజులవి. 1792లో రోలాండ్ అనే ఆయన ఆంతరంగిక వ్యవహారాల మంత్రిగా నియుక్తుడై, పదహారవ లూయీ రాజు కొలువుకు వెళ్లాడు. ఆయన బూట్లకు బకిళ్లు లేవు. తాళ్లతో కట్టి ఉన్నాయి. కొలువు మర్యాదలు చూచే అధికారి అది గమనించి నివ్వెరపోయాడు. పక్కనే ఉన్న దుమూరియే అనే మరో మంత్రితో బకిళ్లు లేవని గుసగుసలాడాడు. దుమూరియే గంభీరంగా ముఖం పెట్టి, అయితే సర్వం పోయినట్లే అని పరిహాసమాడాడట. పరిహాసంగా అన్నమాటే అయినా ఆ రాజుకు అదే ఏడు సింహాసనం పోయింది, మరుసటి ఏడు ప్రాణం పోయింది. రాజు పతనానికి లేసు కారణమని ఎవరూ అనరు. కాని కాలికి కట్టిన తాడును చూచి మనిషి ఏ పక్షంవాడో గుర్తుపట్టే కాలం ఒకటి ఉండేదని దీనివల్ల తెలుస్తుంది.

పందొమ్మిదవ శతాబ్దంలో పురుషుల తోలుబూట్లు రెండు ప్రధానరూపాల్లో స్థిరపడ్డాయి. మొదటిది ఆక్స్‌ఫర్డ్, రెండవది డెర్బీ. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల వాడుకవల్ల మొదటిదానికి ఆ పేరు వచ్చిందని ప్రతీతి. రెండవదానికి దగ్గరి బంధువైన మరో బూటును బ్లూషర్ అంటారు. వాటర్లూ యుద్ధంలో నెపోలియన్‌ను ఎదిరించిన ప్రష్యా సేనాని బ్లూషర్ పేరు అది. పేర్ల సంగతి ఎలా ఉన్నా, మన ప్రస్తుత విషయానికి వీటి కుట్టుపనిలోని భేదమే ముఖ్యం. ఏ అల్లిక ఎంచుకోవాలో బూటు కుట్టే చెబుతుంది.

లేసు రంధ్రాలు ఉండే రెండు తోలుముక్కలను రెక్కలు అనుకొందాం. వాటి నడుమ, పాదానికి ఆనుకొని ఉండే పలుచని తోలును నాలుక అంటారు. వేళ్లను కప్పే భాగాన్ని ముందుతోలు అందాం. ఆక్స్‌ఫర్డ్‌లో రెండు రెక్కల అడుగు అంచులను ముందుతోలు కిందకు చేర్చి కుడతారు. అందువల్ల ఆ రెక్కలు విశాలంగా విచ్చుకోలేవు. లేసు బిగిస్తే తలుపు రెక్కల్లాగా దగ్గరకు వచ్చి దాదాపు మూసుకొంటాయి, నాలుక కనిపించదు. డెర్బీలో ఇందుకు విరుద్ధంగా, రెక్కలను ముందుతోలు మీద పెట్టి కుడతారు. అవి అడుగుభాగంలో స్వేచ్ఛగా విడివడి ఉంటాయి. లేసు విప్పితే పుస్తకం అట్టల్లాగా తెరుచుకొంటాయి. బిగించినా నడుమ నాలుక కొంత కనిపిస్తూనే ఉంటుంది. మీ బూటు ఏ జాతిదో తెలుసుకోవాలంటే లేసు మొత్తం తీసివేసి, అన్నిటికన్న కింది రంధ్రాల జత దగ్గర వేలు పెట్టి చూడండి. రెక్క పైకి లేస్తే డెర్బీ, లేవకపోతే ఆక్స్‌ఫర్డ్.

ఇక అల్లికలు. లోకంలో అందరికీ తెలిసినది కత్తెర అల్లిక. లేసు రెండు కొసలు ప్రతి జత రంధ్రాల నడుమా ఒకదానినొకటి దాటుతూ, ఇంటూ గుర్తుల వరుసలాగా పైకి వెళ్తాయి. దీనిలోని సుగుణం సర్దుబాటు. పాదం ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ లేసు తనంతట తాను కొంచెం వదులై, పక్కన కొంచెం బిగుసుకొంటుంది. పై కొసలు రెండు పట్టి లాగితే కిందిదాకా బిగువు అందుతుంది. దీనిని ఎక్కించేటప్పుడు ఒక చిన్న విషయం గమనించాలి. కొసలను లోపలినుంచి బయటకు గుచ్చితే కత్తెరల్లో కొంతభాగం రెక్కల కింద దాగుతుంది, రంధ్రాల దగ్గర లేసు పైకి లేచి కనిపిస్తుంది. పైనుంచి లోపలికి గుచ్చితే కత్తెర గుర్తులు పూర్తిగా పైన నిలుస్తాయి. డెర్బీకి ఏ విధమైనా ఫరవాలేదు. రెండు బూట్లకూ ఒకే విధంగా ఉంటే చాలు. ఒక కాలికి ఒక రకం, మరో కాలికి మరో రకం ఎక్కించుకొని వచ్చిన విద్యార్థులను నేను చూచాను. తప్పు చెప్పేదాకా వారికి అది కనిపించలేదు. ఎదుటివారికి మాత్రం వెంటనే కనిపిస్తుంది.

రెండవది సమాంతర అల్లిక. పైనుంచి చూస్తే లేసు నిచ్చెన మెట్లలాగా అడ్డంగా మాత్రమే కనిపిస్తుంది. పైకి ఎక్కే భాగమంతా రెక్కల లోపల దాగి ఉంటుంది. చాలాచోట్ల కవాతు చేసే దళాల బూట్లలో ఈ పద్ధతే కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌కు ఇదే శోభ. కారణం స్పష్టం. మూసుకొన్న రెండు రెక్కల నడుమ సన్నని నిలువుగీత ఒక్కటే ఉంటుంది. దానిమీద సమదూరంలో నాలుగైదు అడ్డగీతలు పడితే చూపు నిలకడగా ఉంటుంది. కత్తెర గుర్తులు వేస్తే, చీర కుచ్చిళ్ల మీద పిన్నులు గుచ్చినట్లు ఆ నిలువుగీత చెదిరిపోతుంది. పైగా రెక్కలు మూసుకొనడం వల్ల లోపలి నిలువు పరుగులు ఎవరికీ కనిపించవు. డెర్బీలో నాలుక కనిపిస్తుంది గనుక ఆ దాపరికం అంతగా సాగదు.

ఈ అల్లికను మాటల్లో చెప్పడం కొంచెం శ్రమ. చేతిలో బూటు పెట్టుకొని చదివితే సులభం. ఆరు జతల రంధ్రాలున్న బూటు అనుకొందాం. లేసును అన్నిటికన్న కింది జతమీద అడ్డంగా పెట్టి, రెండు కొసలనూ పైనుంచి లోపలికి గుచ్చండి. మొదటి మెట్టు ఏర్పడింది. ఎడమ కొసను లోపలే నిలువుగా పైకి తీసుకొనిపోయి ఎడమవైపు రెండవ రంధ్రంనుంచి బయటకు తీయండి; అడ్డంగా పోనిచ్చి కుడివైపు రెండవ రంధ్రంలో లోపలికి గుచ్చండి. అది రెండవ మెట్టు. ఇప్పుడు కుడివైపు అడుగున ఉన్న కొసను రెండవ రంధ్రం వదలి, లోపలినుంచే మూడవదానికి ఎక్కించండి. బయటకు తీసి, అడ్డంగా ఎడమవైపు మూడవ రంధ్రంలోకి దింపండి. ఈ విధంగా ఒక కొస తరువాత ఒక కొస, ప్రతిసారీ ఒక రంధ్రం దాటుతూ పైకి వెళ్లాలి. చివర ఒక కొస ఎడమవైపు ఆరవ రంధ్రంనుంచి, మరొకటి కుడివైపు ఆరవ రంధ్రంనుంచి బయటకు వస్తాయి. అక్కడ ముడి వేయాలి.

జతలు సరిసంఖ్యలో, అంటే నాలుగో ఆరో ఉన్నప్పుడు లెక్క ఇలా చక్కగా కుదురుతుంది. కాని ఆక్స్‌ఫర్డ్ బూట్లలో ఐదు జతలవి చాలా ఎక్కువ. ఐదింటితో ఇదే పద్ధతి పాటిస్తే చివర రెండు కొసలూ ఎడమవైపే తేలతాయి. ఇక్కడే చాలామంది విసుగుచెంది లేసంతా ఊడదీస్తారు. ఉపాయం చిన్నదే. మూడవ మెట్టు వేసి ఎడమవైపు లోపలికి దిగిన కొసను నిలువుగా ఎక్కించక, లోపలినుంచే ఏటవాలుగా కుడివైపు ఐదవ రంధ్రానికి పోనివ్వండి. ఆ ఏటవాలు పరుగు రెక్కల కింద దాగిపోతుంది. పైన మెట్లు మెట్లుగానే ఉంటాయి. ఛందస్సులో యతి కుదరనప్పుడు కవి పాదమంతా కొట్టివేయక ఒక్క పదం మార్చుకొంటాడు. ఇదీ అలాంటి సర్దుబాటే.

అయితే ఆక్స్‌ఫర్డ్‌కు సమాంతర అల్లిక, డెర్బీకి కత్తెర అల్లిక అనే నియమం పాదం తరువాతనే గాని పాదంకన్న ముందు కాదు. కొందరికి పాదం పైభాగం, చీలమండకు ముందున్న ఎముక దగ్గర, ఎత్తుగా ఉంటుంది. అటువంటివారికి కత్తెర గుర్తులు ఆ ఎముకమీద ఒరుసుకొంటాయి. లేసు నిలువు పరుగులు పక్కలకు తొలగే సమాంతర అల్లిక వారికి డెర్బీలో కూడా హాయినిస్తుంది. సన్నని పాదం గలవారి సంగతి వేరు. వారికి గట్టి పట్టు కావాలి, అందుకు కత్తెర అల్లికే మేలు. ఆక్స్‌ఫర్డ్ కొనేటప్పుడే మరో పరీక్ష చేసుకోవాలి. లేసు బిగించినప్పుడు రెక్కల నడుమ పెన్సిల్ మందం కంటె తక్కువ సందు మిగలాలి. తోలు వాడుకలో సాగి ఆ సందు మూసుకొంటుంది. కొన్ననాడే రెక్కలు పూర్తిగా కలిసిపోతే ఆ బూటు మీకు వదులు. వేలెడు సందు మిగిలితే అది మీ పాదానికి చాలదు. ఏ అల్లికా దానిని బాగుచేయలేదు. పగలంతా నడిచిన పాదం సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది గనుక బూట్లు సాయంత్రం కొనడం మంచిదని పెద్దలు చెప్పే మాట నిజమే.

లేసు విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. తోలుబూటుకు సన్నని, గుండ్రని, మైనం పట్టించిన నూలు లేసు తగినది. రంగు బూటు రంగే. ఐదు జతలకు సుమారు 75 సెంటీమీటర్ల పొడవు సరిపోతుంది. ఆటల బూట్ల బల్లపరుపు లేసును తోలుబూటుకు ఎక్కించడం, పట్టుపంచెకు నైలాన్ తాడు మొలతాడుగా కట్టడం వంటిది. కొసనున్న ప్లాస్టిక్ మొన ఊడిపోతే దారం పీచు పీచుగా విడిపోయి రంధ్రంలో దూరదు. అప్పుడు కొసను ఉమ్మితో తడిపి గుచ్చే ప్రయత్నం మానుకొని, కొత్త లేసు కొనుక్కోవడం మర్యాద.

ఇంతకీ మనకు తెలిసిన ఈ రెండు అల్లికలేనా ఉన్నవి? గణితం చదివే విద్యార్థులు ఈ లెక్క వేసి చూడవచ్చు. ఆరు జతలంటే 12 రంధ్రాలు. లేసు ప్రతి రంధ్రంలోనూ ఒక్కసారి మాత్రమే వెళ్లాలనుకొంటే, మొదటి రంధ్రాన్ని 12 విధాలుగా, తరువాతిదాన్ని 11 విధాలుగా, ఈ క్రమంలో ఎంచుకోవచ్చు. అంటే 12 క్రమగుణితం, 47,90,01,600 వరుసలు. ప్రతి రంధ్రంలోనూ పైనుంచి దిగవచ్చు లేదా కిందినుంచి ఎక్కవచ్చు. అందుచేత దానిని మళ్లీ 2 యొక్క 12వ ఘాతంతో, అనగా 4,096తో గుణించాలి. లబ్ధం 1,96,199 కోట్లు దాటుతుంది. వీటిలో చాలాభాగం బూటును బిగించడానికి పనికిరాని చిక్కులే అనుకోండి. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడైన బుర్కార్డ్ పోల్‌స్టర్ ఈ అల్లికల రాశిని పరిశీలించి, 2002లో ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. అతి తక్కువ లేసుతో పని జరిగే అల్లిక ఎవరూ అంతగా వాడని వేరొకటి అని, అది చూడడానికి విల్లుముడి టై వరుసలాగా ఉంటుందని ఆయన తేల్చాడు. అతి గట్టిగా లాగి పట్టే అల్లికలు మాత్రం జనం వాడుకలో ఉన్న కత్తెర, సమాంతర పద్ధతులే అయినాయి. నా మట్టుకు నాకు ఈ ఫలితం ఆనందం కలిగించింది. సమీకరణాలు ఎరుగని చేతులు తరతరాలుగా వేసిన అల్లికకు గణితం వచ్చి సాక్ష్యం పలికింది.

అల్లిక ఎంత చక్కగా కుదిరినా, దానిని నిలిపేది పైనున్న ముడి. మన భాషలో ముళ్లకు కరువు లేదు. జారుముడి ఉంది, పీటముడి ఉంది, కొంగుముడి, బ్రహ్మముడి, పెళ్లిలో మూడుముళ్లు ఉన్నాయి. లేసుకు వేసేది రెండు ఉచ్చుల జారుముడి. దీనిలో ఒకే విధంగా కనిపించే రెండు రకాలు ఉన్నాయి. ఒకటి గట్టిది, మరొకటి బలహీనమైనది. మొదటి చుట్టులో కుడి కొసను ఎడమ కొసమీదుగా వేసినవారు, రెండవసారి ఉచ్చులు వేసేటప్పుడు ఎడమదానిని కుడిదానిమీదుగా వేయాలి. అప్పుడు అది గట్టి ముడి. రెండుసార్లూ కుడిదానినే పైన వేస్తే బలహీనమైన ముడి పడుతుంది. ఆంగ్లంలో దానిని అవ్వ ముడి అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అవ్వలను అలా ఎందుకు అన్నారో గాని, నాకు తెలిసిన అవ్వలు వేసిన ముళ్లు కత్తిపీటకు కూడా లొంగేవి కావు.

నడుస్తుండగా ముడి ఊడిపోవడానికి కారణాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలోని పరిశోధకులు 2017లో వివరించారు. పరుగెత్తేవారి బూటును అతివేగపు కెమెరాతో చిత్రీకరించి చూచారు. పాదం నేలకు తగిలే క్షణంలో గురుత్వానికి సుమారు ఏడురెట్ల బలం ముడిమీద పడుతుంది. ఆ అదురుకు ముడి సాగి, వదులవుతుంది. అదే సమయంలో కాలు ముందుకు వెనుకకు ఊగడంవల్ల లేసు కొసలు కొరడా కొసల్లాగా బయటకు లాగబడతాయి. ఈ రెండూ కలిస్తేనే ముడి ఊడుతుంది. బల్లమీద కూర్చొని కాళ్లు ఎంత ఊపినా ఊడలేదు. నిలుచున్నచోటనే కాలితో నేలను ఎంత తన్నినా ఊడలేదు. వదలడం మొదలైతే మాత్రం కొద్ది సెకన్లలోనే పూర్తిగా విడిపోతుంది. గట్టి ముడికంటె బలహీనమైన ముడి త్వరగా ఊడుతుందని కూడా వారి పరీక్షల్లో తేలింది.

ఈ పరిశోధన వెలువడడానికి ఇరవైయేండ్ల ముందే దీని సారాంశం నాకు ఒకరు బోధించారు. 1996లో నేను విశాఖపట్నంలో ఉన్నాను. ప్రాచీన కావ్యాలమీద పరిశోధన ముగిసింది. చేతిలో డాక్టరేటు ఉంది, కాలికి బూట్లు లేవు. అధ్యాపక ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. నా గదిలోని మిత్రుడు తన నల్లబూట్లు ఇచ్చాడు. అవి నాకు అర అంగుళం పెద్దవి. వదులు తగ్గించడానికి లేసును ప్రాణం పోయేటట్లు బిగించి, అలవాటు ప్రకారం ముడి వేశాను. బస్సు దిగేసరికి ఎడమకాలి ముడి ఊడింది. మళ్లీ కట్టాను. వీధి మలుపులో కుడికాలిది ఊడింది. మూడవసారి ఊడిన లేసును నేనే తొక్కుకొని, రోడ్డుపక్క అరుగు మెట్లమీద బోర్లా పడ్డాను. కాగితాల సంచి చెదిరింది, మోకాలు గీసుకుపోయింది. ఇంటర్వ్యూకు ఇంకా అరగంట వ్యవధి ఉంది.

ఎదుట చెట్టుకింద చెప్పులు కుట్టే ముసలాయన ఒకడు గోనెపట్టామీద కూర్చొని ఉన్నాడు. లేచి వచ్చి కాగితాలు ఏరి ఇచ్చాడు. నా కాళ్లవైపు చూచి, “బాబూ, ముడి తిరగేసి ఏసేరు. అందికే ఊడిపోతంది” అన్నాడు. నాకు చిన్నతనమనిపించింది. “చిన్నప్పటినుంచీ ఇలాగే కదా తాతా వేస్తున్నది” అన్నాను. ఆయన నవ్వి, ఉచ్చులు ఎటు తిరిగి ఉన్నాయో చూడమన్నాడు. చూచాను. నా ఉచ్చులు ఒకటి బొటనవేలివైపుకు, మరొకటి మడమవైపుకు తిరిగి, పాదం పొడవునా వాలి ఉన్నాయి. ఆయన లేసు విప్పి, మొదటి చుట్టు మాత్రం ఎదురు వైపుకు వేసి, మిగిలినదంతా నా చేతనే ఎప్పటిలాగే వేయించాడు. ఉచ్చులు సీతాకోకచిలుక రెక్కల్లాగా పాదానికి అడ్డంగా, ఇటొకటి అటొకటి నిలిచాయి. ముడి గట్టిదో కాదో తెలుసుకొనే గుర్తు అదే. ఆ తరువాత బూటు నాలుకకింద మడమవైపు ఒక తోలుముక్క కత్తిరించి పెట్టి, వదులు కూడా తగ్గించాడు. లేసును అంత బిగించనక్కరలేకపోయింది.

తోలు పని చేసే చేతులను ఊరవతల ఉంచి, ఆ చేతులు కుట్టిన చెప్పులతో ఊరంతా తిరిగిన సమాజం మనది. ఇరవైయారేండ్లు వచ్చేదాకా నేను ఆ పనివారిని రేటు తప్ప మరొకటి అడగలేదు. ఇంతకాలం చదివిన కావ్యాల్లో పాదుకలను గురించి నాకు వంద పద్యాలు వచ్చు. వాటిని కుట్టేవారికి తెలిసిన విషయం ఒక్కటీ రాదు. డబ్బు ఇవ్వబోతే, తోలుముక్కకు రెండు రూపాయలు తీసుకొని, ముడికి ఏమీ వద్దన్నాడు. “కొలువు ఒచ్చినాక సొంత జోళ్లు కొనుక్కోండి బాబూ. ఒకల కాలికి కుట్టింది ఇంకొకల కాలికి నప్పదు” అని తన చోటికి వెళ్లిపోయాడు.

ఆ ఉద్యోగం నాకు వచ్చింది. బూటు కారణమని చెప్పను. కాని లోపల కూర్చున్న నలభై నిమిషాలూ నా కాళ్లను గురించి ఒక్కసారీ ఆలోచించలేదన్నది నిజం. సాయంత్రం గదికి వచ్చి మిత్రుని బూట్లు తిరిగి ఇవ్వబోతూ ఒక కొస పట్టి లాగాను. పగలంతా కదలని ముడి ఒక్క లాగుకు విడిపోయింది.